ఇరువదియైదు నిమిషముల సంసారము

వైజ్ఞానిక కల్పనాకథ లనగానే రాకెట్లు, వింత యంత్రములు, పరగ్రహవాసులతో యుద్ధములు మన మనస్సునకు తోచును. అట్టి కథలను ప్రతివారము టెలివిజన్‌లో చూచువారు ఆ యంత్రముల కొరకు, ఆ యుద్ధముల కొరకే చూచుచుందురని చాలమంది అభిప్రాయము. కాని ఆ ప్రేక్షకులు ఒకచోట కూడినపుడు దేనిని గురించి వాదించుకొందురో కొంతసేపు చెవియొగ్గి విన్నచో ఈ అభిప్రాయము నిలువదు. ఏ నౌక ఎంత వేగముతో పోవునను చర్చ తొందరగనే ముగియును. ఫలానా మనిషి ఆనాడు అట్లు చేయవచ్చునా, అంత జరిగిన పిదప అతడు మునుపటివలె ఉండగలడా అను చర్చ మాత్రము ఏండ్ల తరబడి సాగును.

అట్లు ముప్పది సంవత్సరములకు పైగా చర్చింపబడుచున్న కథ యొకటి కలదు. అమెరికాలో తయారైన 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జెనరేషన్' అను ధారావాహికలో 1992 జూన్ మొదటి వారమున ప్రసారమైన 'ది ఇన్నర్ లైట్' అను భాగమది. ఆ పేరును 'అంతర్జ్యోతి' యని తెనిగింపవచ్చును. అందులో శత్రువు లేడు. ఫిరంగి పేలదు. కథలో ఎక్కువ భాగము ఒక పల్లెటూరి యింటిలోను, ఆ ఊరి నడిబొడ్డునను జరుగును. ఆ కథ యేమి, దానిపై అభిమానుల తగవు లేమి, ఆ తగవులలో మాకు తోచిన న్యాయమేమి యను విషయములను ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

మొదట ధారావాహికను గూర్చి రెండు మాటలు. 'స్టార్ ట్రెక్' 1966 సెప్టెంబరు 8వ తేదీన అమెరికాలోని ఎన్.బి.సి. సంస్థ ద్వారా ప్రారంభమైనది. మూడేండ్లలో 79 భాగములు వెలువడి 1969లో ఆగిపోయినది. రెండవ యేటనే నిలిపివేయుదురను వార్త పుట్టగా ప్రేక్షకులు ఉత్తరముల ఉద్యమము నడపిరి; మూడవ సంవత్సరము ఆ పిదప వచ్చినదే. 1967లో అభిమానులు తమలో తాము వ్రాసికొని పంచుకొను 'స్పాకనాలియా' అను పత్రిక వెలువడెను. ఆ పత్రికకు పేరు నౌకను బట్టి రాలేదు, నౌకలోని ఒక యంత్రమును బట్టియు రాలేదు. స్పాక్ అను పాత్రను బట్టి వచ్చినది. అభిమానుల దృష్టి ఎచ్చట నిలిచినదో ఈ ఒక్క సంగతియే చెప్పుచున్నది. 1972 జనవరిలో న్యూయార్కు నగరమున వారి మహాసభ జరిగెను. ప్రసారము నిలిచిపోయిన మూడేండ్ల తరువాత జరిగిన సభ యది.

ఈ వాదోపవాదములు మనవారికి క్రొత్త యనిపించుటకు కారణము లేదు. రాత్రి పురాణము విని వచ్చినవారు మరునాడు అరుగులమీద కూర్చుండి కర్ణుడు దుర్యోధనుని విడువకుండుట ఒప్పా తప్పా యని తగవులాడుకొనుట మన ఊళ్లలో నెవ్వరెరుగరు? కథ ముగిసిన చోట వారి పని ప్రారంభమగును. అమెరికా అభిమానులు చేయుచున్నదియు నదియే.

'ది నెక్స్ట్ జెనరేషన్' ధారావాహిక 1987లో మొదలై 1994 వరకు సాగెను. అందులో 'ఎంటర్‌ప్రైజ్' అను నౌకకు అధిపతి జాన్ లూక్ పికార్డ్. ఆంగ్ల రంగస్థలమున షేక్స్పియరు పాత్రలను ధరించి పేరుగాంచిన పాట్రిక్ స్టూవర్ట్ ఈ పాత్రను ధరించెను. పికార్డ్ పెండ్లి యాడనివాడు, మితభాషి, పురాతన వస్తువులయందు ఆసక్తి గలవాడు. చిన్నపిల్లలనిన అతనికి బెదురు. 1987 నాటి మొదటి కథలోనే తాను పిల్లలతో మెలగజాలనని చెప్పి, ఆ విషయమున తన పరువు కాపాడు భారమును తన క్రింది అధికారిపై మోపును. ప్రేక్షకులు దీనిని చూచి నవ్వుకొనిరి. అయిదేండ్ల తరువాత ఈ చిన్న హాస్యమే పెద్ద కథకు పునాది యగునని ఆనాడు వారు తలచియుండరు.

ఇట్టి ధారావాహికలలో కథలు స్థూలముగా రెండు విధములు. మొదటి విధమున ఆపద బయటనుండి వచ్చును. నాయకుడు దానిని తప్పించును. వచ్చువారము మరియొక ఆపద. రెండవ విధమున బయట జరుగునది స్వల్పము. దానివలన ఒక మనిషి లోపల ఏమి జరిగినదను నదియే కథ. దీనినే పాత్రప్రధానమైన కథ యందురు. రెండవ విధమును వ్రాయుట కష్టము. అయిదేండ్లుగా వారము వారము మనయింటికి వచ్చుచున్న మనిషిని గూర్చి మనకు తెలియని దానిని చూపవలెను. చూపినది 'ఇతడట్లు చేయడే' యని మనచే అనిపింపరాదు.

ఇక కథ. నౌక పోవుచున్న దారిలో ఊరు పేరు తెలియని చిన్న యంత్ర మొకటి ఎదురగును. దానినుండి వెలువడిన కిరణము పికార్డ్‌ను తాకగా అతడు నిలుచున్నచోటనే స్పృహదప్పి పడిపోవును. కన్నులు తెరచునప్పటికి ఏదో యింటిలో నుండును. ప్రక్కన ఎలీన్ అను స్త్రీ. ఆమె తాను అతని భార్య ననియు, అతని పేరు కామిన్ అనియు, ఇనుము నేయుట అతని వృత్తి యనియు, జ్వరముతో మూసిన కన్ను తెరవక పడియుంటివనియు చెప్పును. ఊరు రెసిక్. గ్రహము కటాన్. ఊరిలో వానలు లేవు. అయినను ఊరివారు నడిబొడ్డున ఒక మొక్క నాటి, తమ వంతు నీటిలో తలా కొంత పోసి దానిని బ్రతికించుకొందుమని ప్రతిన పట్టుదురు.

పికార్డ్ నమ్మడు. తన్నెవరో బంధించిరని తలచి కొండలు గుట్టలు తిరిగివచ్చును. అయిదేండ్లు గడచినను రాత్రులందు నక్షత్రములను కొలుచుచు తన నౌక యెచ్చట నుండునో యని వెదకుచునే యుండును. ఎలీన్ ఓర్పుతో కాచుకొనియుండును. ఒకనాటి రాత్రి ఆమె ఓర్పు సన్నగిల్లును. నీవు కలగనిన ఆ బ్రతుకు ఇంతకంటె అంత గొప్పదా యని యడుగును. అప్పు డతడు చేయు పని యేమన, ఇంటికి ఒక గది కట్టుటకు ఆమె అనుమతి కోరుట. పుట్టబోవు బిడ్డకొరకు ఆ గది. ఇంత పెద్ద నిర్ణయమును రచయిత ఒక్క ఉపన్యాసమైనను లేకుండ చెప్పినాడు. మా దృష్టిలో ఈ కథకు ఆయువుపట్టు ఇదియే.

ఆపైన ఒక కూతురు, ఒక కొడుకు. చనిపోయిన స్నేహితుడు బటాయ్ పేరు కొడుకునకు పెట్టుకొందురు. బారసాలనాడు తండ్రి పిల్లనగ్రోవి వాయించును. కొడుకు చదువు మాని సంగీతము పట్టుదుననగా తండ్రి మొదట కాదని, పిదప ఒప్పుకొనును. నాటిన మొక్క చెట్టగును. కాని వానలు రావు. కూతురు మెరిబోర్ తండ్రితోపాటు మట్టిని పరీక్షించి, నేల చచ్చిపోయినదని కనిపెట్టును. ఆకాశమున సూర్యుడే మారిపోవుచున్నాడు. ఈ గ్రహమునకు ఎక్కువ కాలము లేదు. ఈ సంగతి తెలిసిన తండ్రి కూతునకు చెప్పునది, ఉన్న ఈ దినమునే విలువైనదిగ చేసికొమ్మని.

ఎలీన్ కన్నుమూయు ఘట్టమును అభిమానులు మరువరు. పాదరక్షలను ఎక్కడబడిన అక్కడ విడచుట ఆయన అలవాటు. వానిని తీసి ఒకప్రక్క పెట్టుమని సణుగుట ఆమె అలవాటు. చివరి ఊపిరిలోను ఆమె చెప్పినది ఆ మాటయే. ప్రేమను గూర్చి ఇరువురును ఒక్క మాటయు ననరు. కాపురమును ఎరిగినవాడు వ్రాసిన రచన యిది.

మనుమని చేయి పట్టుకొని ముసలివాడైన కామిన్ ఒక దినమున ఊరివారితో కలిసి, ఆకాశమునకు పంపు చిన్న యంత్రమును చూడబోవును. చనిపోయిన భార్యయు, స్నేహితుడును యౌవన రూపములతో అచట ప్రత్యక్షమగుదురు. తామందరును వేయి సంవత్సరముల క్రిందటనే నశించితిమనియు, తమ్మెరిగినవాడు ఒక్కడైనను ముందు తరములవారిలో నుండవలెనని ఈ యంత్రమును పంపితిమనియు చెప్పుదురు. ఆ యంత్రము కనుగొన్న మనిషి తానే యని అతనికి అప్పుడు తెలియును. మేల్కొని చూచునప్పటికి నౌక. నౌకలోనివారికి గడచినది సుమారు 25 నిమిషములు. అతనికి గడచినది దాదాపు నలువది యేండ్లు. ప్రేక్షకునకు గడచినది ముప్పావు గంట.

యంత్రమును విప్పి చూడగా చిన్న పెట్టె, ఆ పెట్టెలో ఆ పిల్లనగ్రోవి. అతడు దానిని గుండెలకు అదుముకొని, తన గదిలో ఒంటరిగ నిలిచి వాయించును. మాట లేదు. మన రేడియో నాటకములలో మాట ఆగి వాద్యము అందుకొను చోటులు శ్రోతలకు పరిచితములే. ఈ కడపటి ఘట్టమును కన్నులు మూసికొని విన్నను కథ బోధపడునని మేమనుకొనుచున్నాము.

ఈ కథను కల్పించినవాడు మోర్గన్ జెండెల్. ఆయనయు పీటర్ అలన్ ఫీల్డ్సును కలిసి నాటకముగ వ్రాసిరి. పీటర్ లారిట్సన్ దర్శకుడు. పిల్లనగ్రోవి స్వరమును జే చాటవే కూర్చెను. ఎదిగిన కొడుకు పాత్ర ధరించినవాడు పాట్రిక్ స్టూవర్ట్ సొంత కుమారుడు డేనియల్. చదువు మాని సంగీతము పట్టుదునను కొడుకుతో తండ్రి వాదించు ఘట్టమున నిజమైన తండ్రికొడుకులే మాటలాడుచున్నారని ఎరిగి చూచినచో దానికి మరియొక రుచి కలుగును. కథకు పెట్టిన పేరు 'బీటిల్స్' గాయకులలో నొకడైన జార్జి హారిసన్ పాట పేరు. ఆ పాట మాటలకు మూలము చీనాదేశపు ప్రాచీన గ్రంథము 'తావో తె చింగ్'; గడప దాటకయే లోకము నెరుగవచ్చునని తాత్పర్యము. దాని వాద్యగోష్ఠి మాత్రము 1968 జనవరిలో బొంబాయి నగరమున మన హిందూస్థానీ వాద్యకారుల చేత వాయింపబడినది. అందులోను వేణునాదము వినవచ్చును. అమెరికా కథకు పేరు చీనా భావమునుండియు, బొంబాయి వాద్యములనుండియు నడచి వచ్చినదన్నమాట.

ఇప్పుడు తగవులకు వత్తము. మొదటిది, అన్నిటికంటె పాతది, ఇది: నలువది యేండ్లు మరియొకనిగా బ్రతికి, భార్యను పూడ్చి, పిల్లలను పెంచి, మనుమని ఎత్తుకొనిన మనిషి రెండు వారముల తరువాత ప్రసారమైన కథలో ఏమియు జరుగనట్లు పాత కుర్చీలో కూర్చుండి ఆజ్ఞ లిచ్చుచున్నాడే! ఇది యెట్లు సాధ్యము? అతడు తన అధికారుల పేర్లు మరచిపోయి యుండవద్దా? అద్దములో తన ముఖము చూచుకొని ఉలికిపడి యుండవద్దా?

దీనికి వ్యాపార సంబంధమైన సమాధాన మొకటి కలదు. ఈ ధారావాహిక ఒక జాతీయ సంస్థ ద్వారా గాక, దేశమందలి వేరువేరు స్టేషనులకు విడివిడిగా అమ్మబడినది. ఆ స్టేషనులు వానిని తిరిగి తిరిగి ప్రసారము చేసికొనును. నడుమ ఏ కథ చూచినవానికైనను అర్థము కావలెనన్నచో ప్రతి కథయు తన కాళ్లమీద తాను నిలువవలెను. వారాంతమునకు పాత్రలన్నియు మొదటి చోటికి రావలెను. రచయితలకు విధింపబడిన నియమ మిది.

కాని అభిమానులు ఈ సమాధానముతో తృప్తిపడలేదు. వారికొక ఆధారము దొరికినది. 1990లో ఇదే పికార్డ్‌ను 'బోర్గ్' అను శత్రుజాతి చెరపట్టి, అతని మనస్సును లోబరచుకొని, తనవారిపైననే ప్రయోగించెను. అతడు విడివడిన పిదప వచ్చిన కథ పేరు 'ఫ్యామిలీ'. అందులో అతడు సొంతయూరికి పోయి అన్నతో పోట్లాడి, ద్రాక్షతోట బురదలో పడి భోరున ఏడ్చును. ఒక గాయమునకు అంత చోటిచ్చినవారు మరియొకదానికి ఏల యియ్యలేదు? ఈ ప్రశ్న న్యాయమైనదే. ఆ ధారావాహిక రచయితలలో నొకడైన రోనాల్డ్ డి. మూర్ తరువాతి కాలమున దీనిని ఒప్పుకొనెను. అతని మాటల సారాంశమిది: పికార్డ్ జీవితమున ఇంతకంటె గంభీరమైన అనుభవము లేదనియు, అతనిని పూర్తిగ మార్చివేయవలసినదే యనియు తన తలంపు, అయితే వ్రాయునపుడు తాము చూచుకొన్నది ఒక మంచి గంట కార్యక్రమమును మాత్రమే, దాని పర్యవసానములు తమకు తరువాతగాని తట్టలేదు. ఇట్లు చెప్పిన మూర్ పిమ్మట 'బాటిల్‌స్టార్ గెలాక్టికా' యను ధారావాహికను క్రొత్తగ నిర్మించెను. అందులో ఒక వారము తగిలిన దెబ్బ మరు వారము మానదు.

కొందరు అభిమానులు ఎదురు వాదింతురు. పికార్డ్ లోపలి దానిని బయటపెట్టువాడు కాడు. అతడు మౌనముగ నుండుటయే అతని స్వభావమునకు తగినదందురు. ఇది చతురమైన వాదమే గాని, రచయితలు మరచిన దానిని పాత్ర దాచినట్లు చెప్పుటయే యగును. ఐనను దీనిని మేము త్రోసిపుచ్చము. వ్రాసినవారి చేతిలో జారిపోయిన దారపు కొసను చూచువారు పట్టుకొని ముడివేసిరి. ఆనాటినుండి పికార్డ్ ఎప్పుడు ఒంటరిగ కూర్చుండినను, పసిబిడ్డవైపు ఎప్పుడు చూచినను, అభిమానులకు కామిన్ కనబడుచున్నాడు. కథకు కొరవడిన జ్ఞాపకమును వీరు తమ తలలలో మోయుచున్నారు.

రెండవ తగవు మరింత కఠినమైనది. కటాన్ ప్రజలు చేసినది ధర్మమా? దారిన పోవు మనిషిని అడుగకయే పడగొట్టి, అతని మనస్సులో ఒక పూర్ణజీవితమును పోసిరి. వైద్యురాలును ఇంజనీర్లును ఆ కిరణమును త్రెంచుటకు యత్నింపగా అతని ప్రాణమునకే మోసము వచ్చినది. శత్రువులు అతని మనస్సులో చొరబడినపుడు మనము దానిని ఘోర మనుచున్నాము. మృతులైన మంచివారు అదే పని చేయగా కన్నీరు కార్చుచున్నాము. రెండింటికిని భేదమేమి యని అడుగు అభిమానులు కలరు. ఆ భార్యను ప్రేమించుటకైనను అతనికి స్వేచ్ఛ యున్నదా? వేరు దారి లేనివానికి అయిదేండ్ల తరువాత కలిగిన ప్రేమను ప్రేమ యనవచ్చునా?

ఎదుటి పక్షమువారు చెప్పునది కూడ వినదగినదే. చచ్చిపోవుచున్న ప్రజలకు మిగిలినది ఒక్క చిన్న యంత్రము. పుస్తకములు పంపినచో ఎవరైనను చదివి అటకపై పెట్టుదురు. రాజుల జాబితాలు, పంటల లెక్కలు, శిలాశాసనములు మనకెన్ని జాతులవి లేవు? వానిని చదివి మనము కంటతడి పెట్టుట లేదు. ఒక భార్య సణుగుడును, ఒక చెట్టు పెరుగుదలను, ఒక బారసాలను అనుభవించినవాడు మరువజాలడు. పురాతన వస్తువులను ప్రేమించు పికార్డ్‌కే ఇది తటస్థించుటలోని ఔచిత్యమును వారు చూపుదురు. పగిలిన కుండ పెంకులనుండి ఒక జాతిని ఊహించుట అతని సరదా. ఇప్పుడా జాతియే వచ్చి అతని యింట కూర్చున్నది.

మా అభిప్రాయమున ఇరుపక్షములును నిజము చెప్పుచున్నవి. కటాన్ ప్రజల అవసరము గొప్పది. అయినను వారు చేసినది దౌర్జన్యమే. రచయితలు ఈ రెండవ దానిని పిల్లనగ్రోవి మాటున దాచిరి. ఎలీన్ మరల కనిపించినపుడు పికార్డ్ ఒక్కమారైనను 'నన్నేల అడుగలేదు' అనడు. అనియున్నచో కథ చెడిపోదు, మరింత బరువెక్కియుండును. ఆ మాట అడిగినవారు ప్రేక్షకులే.

ఇంత శాస్త్రజ్ఞానము గలవారు తాము తప్పించుకొనుటకు నౌకలేల కట్టుకొనలేదు అను మూడవ తగవు కూడ కలదు. మనస్సులోనికి జీవితమును పంపగలవారికి ఆకాశమునకు పెద్ద రాకెట్టు పంపుట చేతకాదా? దీనికి కథలో గట్టి జవాబు లేదు. దీనిపై మేము కాలము వెచ్చింపము.

అసలు ఆ సంసారము నిజమా, కలా? ఈ ప్రశ్న వినగానే మనవారికి నారదుడు జ్ఞప్తికి వచ్చును. ఉగాదినాడు పెద్దలు చెప్పు కథ యందరికిని తెలిసినదే. నారదుడు స్నానమునకు మునిగి స్త్రీయై లేచి, రాజును పెండ్లాడి, అరువదిమంది కొడుకులను కని, వారందరును యుద్ధమున చావగా ఏడ్చుచుండ విష్ణువు వచ్చి మాయను తొలగించును. యోగవాసిష్ఠములో లవణరాజు కథయు నిట్టిదే. మాంత్రికుడు నెమలి పింఛమును ఆడింపగా రాజు సింహాసనముపై కూర్చుండియే అడవిపల్లెలో భార్యాబిడ్డలతో ఏండ్లకొలది బ్రతికి, కరవులో సర్వమును పోగొట్టుకొని, కొంతసేపటికి మేల్కొనును. పిదప పోయి చూడగా ఆ పల్లెయు, ఏడ్చుచున్న ఆ బంధువులును అచట నిజముగనే యుందురు. పికార్డ్‌కు పెట్టెలో పిల్లనగ్రోవి దొరకుట ఇట్టిదే.

అమెరికా రచయితలు మన కథలను చూచి వ్రాసిరని మేము చెప్పుట లేదు. పోలికకంటె భేదమే గమనింపదగినది. మన కథలు సంసారమును చూపి, ఇది మాయ, దీనినుండి మేల్కొనుము అని చెప్పును. ఆ కథ సంసారమును చూపి, ఇది ఉండెను, దీనిని మరువకుము అని చెప్పును. నారదునకు వైరాగ్యము కలుగవలెను. పికార్డ్‌కు మమకారము మిగులవలెను. ఐతే మనవారును ఆ బిడ్డలను పూర్తిగ మాయలో కలిపివేయలేదు. ప్రభవ, విభవ యని ఆ అరువదిమంది పేర్లును సంవత్సరములకు పెట్టుకొని నేటికిని ప్రతి సంకల్పమునను తలచుకొనుచున్నాము.

అభిమానులు ఈ కథకు చేసిన మన్ననలను చెప్పవలెను. వైజ్ఞానిక కల్పనలకిచ్చు హ్యూగో బహుమతి 1993లో దీనికి వచ్చెను. ఆ బహుమతిని నిర్ణయించువారు పండితసంఘమువారు కారు. ఏటేట జరుగు ప్రపంచ మహాసభలో సభ్యులైన చదువరులే ఓట్లు వేయుదురు. దీనికి ముందు టెలివిజన్ ధారావాహికలోని ఒక భాగమునకు ఆ గౌరవము లభించి 25 సంవత్సరములైనది. అదియు 'స్టార్ ట్రెక్' కథయే. 2006 అక్టోబరులో న్యూయార్కున క్రిస్టీ సంస్థవారు ధారావాహిక సామగ్రిని వేలము వేసిరి. పిల్లనగ్రోవికి మొదట అనుకొన్న ధర 300 డాలర్లు. పాట 40,000 డాలర్లకు పోయినది. సంస్థ రుసుముతో కలిపి కొన్నవారు చెల్లించినది 48,000. నాటకసామగ్రిలోని ఒక చిన్న గొట్టమునకు ఇంత వెలయా యని ఆశ్చర్యపడువారు, అది లేని జాతి ఆస్తిలో మిగిలిన ఒకే యొక వస్తువని తలచిన చూపరులను గుర్తుంచుకొనవలెను.

తెరపై దానికి జరిగిన న్యాయము స్వల్పము. 1993 ఏప్రిల్‌లో వచ్చిన 'లెసన్స్' అను భాగము నొక్కదానినే ముఖ్యముగ చెప్పవలెను. నౌకలోనికి నెల్లా డారెన్ అను శాస్త్రజ్ఞురాలు వచ్చును. ఆమె పియానో వాయించును. ఇరువురును కలిసి వాయించుటకు ధ్వని బాగుగ మ్రోగు చోటు కొరకు వెదకి, యంత్రముల నడుమ ప్రాకి పోవలసిన సందులో కూర్చుందురు. పిల్లనగ్రోవిని ఎచ్చట నేర్చితిరని ఆమె అడుగగా పికార్డ్ కటాన్ కథను మొట్టమొదటి సారిగ నోరు విప్పి చెప్పును. అట్లు చెప్పగలిగినది ఆమెకే. కాని ఆమె తన క్రింద పనిచేయునది. ఆపదలోనికి ఆమెను పంపవలసిన వాడు అతడే. ఆమె మరణించెననుకొనిన దినమున అతడు పిల్లనగ్రోవిని పెట్టెలో పెట్టి మూసివేయును. ఆమె బ్రతికియే వచ్చును గాని ఇరువురును విడిపోవలెనని నిశ్చయించుకొందురు. పోవునపుడు ఆమె అడుగునది ఒక్కటియే: సంగీతమును విడిచిపెట్టవద్దని.

ఆ మాట అతడు నిలుపుకొనెనా లేదా యని అభిమానులు చాలకాలము తర్కించిరి. ముసలివాడైన పికార్డ్ కథగా 2020లో 'స్టార్ ట్రెక్: పికార్డ్' ప్రారంభమైనపుడు, దాని శీర్షిక సంగీతమున జెఫ్ రూసో ఆ పిల్లనగ్రోవిని స్ఫురింపజేయు వేణుస్వరమును చేర్చెను. తెలియనివారికి అది చక్కని స్వరము మాత్రమే. తెలిసినవారు మాత్రము రెసిక్ ఊరి నడిబొడ్డున చెట్టు క్రింద కొంతసేపు నిలిచిరి.